తూటా మూతికి ఎంత బిగింపు?

కొల్లేటి చుట్టుపక్కల చెరువుల మీద రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటాయి. ఒక మోటారు ఆగిపోతే మెకానిక్ ముందుగా చూసేది వైరు కొసనే. అక్కడ లగ్గు సరిగ్గా కూర్చుందా లేదా అని చూస్తాడు. వదులైతే పాతది కోసేసి, కొత్త లగ్గు తొడిగి, క్రింపింగ్ టూల్‌తో నొక్కుతాడు. తక్కువ నొక్కితే వైరు కదిలి వేడెక్కుతుంది. మరీ ఎక్కువ నొక్కితే లోపలి రాగి పోగులు నలిగి తెగుతాయి. ఎంత నొక్కాలో అతని చేతికి తెలుసు.

ఇదే పనిని, ఇదే పేరుతో, రైఫిల్ తూటాకు కూడా చేస్తారు. తూటా ముందు భాగాన గుండును పట్టుకుని ఉండే ఇత్తడి మూతిని లోపలికి కొద్దిగా నొక్కడాన్ని క్రింపింగ్ (మూతి బిగింపు) అంటారు. ఫ్యాక్టరీల్లో దీన్ని యంత్రాలు చేస్తాయి. అమెరికా లాంటి దేశాల్లో కొందరు ఇంట్లోనే, బల్లకు బిగించిన చిన్న ప్రెస్సు మీద చేసుకుంటారు.

ఈ సంగతి ఇప్పుడు మనకెందుకు? తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు ప్రాంతాల నుంచి పిల్లలు వెళ్ళి టెక్సాస్‌లోనూ, మరికొన్ని రాష్ట్రాల్లోనూ స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ షూటింగ్ రేంజికి వెళ్ళడం వారాంతపు కాలక్షేపాల్లో ఒకటి. అలా మొదలైన వాళ్ళలో కొందరు తూటాలు సొంతంగా నింపుకునే దాకా వెళతారు. వీడియో కాల్‌లో గ్యారేజీ బల్ల మీద ఇత్తడి గొట్టాల వరస కనిపిస్తే ఇక్కడున్న తల్లిదండ్రులకు మూడు ప్రశ్నలు వస్తాయి. అదేమిటి? అందులో ప్రమాదమెంత? చట్టం ఒప్పుకుంటుందా? ఈ మూడింటికీ ఒక్కొక్కటిగా జవాబు చూద్దాం.

తూటాలో ఏముంటుంది

తూటా అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడతాం. తుపాకిలో పెట్టేదీ తూటాయే, తగిలేదీ తూటాయే. ఇక్కడ అంత వదులుగా మాట్లాడితే కుదరదు. తుపాకిలో పెట్టే మొత్తం వస్తువును తూటా అందాం. అందులోంచి ఎగిరి వెళ్ళే ముక్కను గుండు అందాం.

తూటాకు నాలుగు భాగాలు. మొదటిది ఇత్తడి గొట్టం. అడుగున ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) ఉంటుంది. లోపల మందు, పైన గుండు. రైఫిల్ తూటా గొట్టం చాలావరకు సీసా ఆకారంలో ఉంటుంది. అడుగు వెడల్పుగా ఉండి, పైకి వచ్చేసరికి భుజం దగ్గర ఒదిగి, సన్నని మెడగా మారుతుంది. ఆ మెడలో గుండు కూర్చుంటుంది.

ట్రిగ్గర్ నొక్కగానే సూది ప్రైమర్‌ను కొడుతుంది. నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. మందు చాలా వేగంగా కాలి వాయువుగా మారుతుంది. ఆ వాయువు ఒత్తిడి గుండును బ్యారెల్లోంచి నెడుతుంది. ఈ ఒత్తిడి ఎంతో ఊహించుకోవడానికి ఒక కొలత. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 30 పౌండ్లు. అమెరికాలో వేటకు విరివిగా వాడే .308 విన్‌చెస్టర్ తూటాకు పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 62,000 పౌండ్లు. అంటే టైరులో ఉండేదానికి రెండు వేల రెట్లు. అది షూటర్ చెంపకు జానెడు దూరంలో పుడుతుంది. అందుకే ఈ పనిలో సూక్ష్మమైన తేడాలకు కూడా అంత విలువ.

ఆ ఒత్తిడికి ఇత్తడి గొట్టం ఉబ్బి, చాంబర్ (తూటా కూర్చునే గది) గోడలకు అతుక్కుంటుంది. వాయువు వెనక్కి రాకుండా అడ్డుకునేది ఆ ఉబ్బే. ఒత్తిడి తగ్గగానే గొట్టం కొద్దిగా ముడుచుకుంటుంది, బయటికి వచ్చేస్తుంది. గుండు పోయింది, మందు కాలింది, ప్రైమర్ పనైపోయింది. గొట్టం మాత్రం మిగిలింది. సాధారణంగా తూటాలో ఎక్కువ ఖరీదు చేసే భాగం అదే.

వాడిన గొట్టం మళ్ళీ తూటాగా

ఆ గొట్టాన్ని మళ్ళీ వాడుకోవడమే రీలోడింగ్ (వాడిన గొట్టంతో కొత్త తూటా తయారీ). క్రమం ఇలా ఉంటుంది. గొట్టాన్ని శుభ్రం చేస్తారు. ఉక్కు డై (అచ్చు) లోకి నొక్కి, ఉబ్బిన ఒంటిని మునుపటి కొలతకు తెస్తారు. కాలిన ప్రైమర్‌ను తీసేస్తారు. గొట్టం పొడవు కొలిచి, పెరిగి ఉంటే కత్తిరిస్తారు. కొత్త ప్రైమర్ పెడతారు. తయారీదారు ప్రచురించిన పట్టిక చూసి మందు తూచి పోస్తారు. గుండును మెడలో నిర్ణీత లోతుకు దింపుతారు. చివరగా, అవసరమైతే, మూతి బిగిస్తారు.

ఇందులో “అవసరమైతే” అన్న మాట ముఖ్యం. పై పనుల్లో దేన్నీ వదిలేయడానికి లేదు, క్రింపింగ్‌ను తప్ప. కొన్ని తూటాలకు అది ఉండి తీరాలి. కొన్నింటికి అక్కరలేదు. కొన్నింటికి చేస్తే నష్టం. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బిగిస్తే గట్టిగా ఉంటుంది కదా, ఇంకొంచెం బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అనుకుంటారు. లోహం ఈ లెక్క ప్రకారం నడవదు.

మనకు బాగా తెలిసిన షూటర్లు వాడే తూటాలకు ఈ పని వర్తించదని కూడా ఇక్కడే చెప్పాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ ఆయుధం ఎయిర్ రైఫిల్. దానికి తూటాయే లేదు, గాలి ఒత్తిడితో చిన్న సీసపు పెల్లెట్ వెళుతుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ పోటీలో రజతం గెలిచిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వాడేది .22 తూటా. దానికి విడి ప్రైమర్ ఉండదు. గొట్టం అడుగు అంచులోనే నిప్పు పుట్టించే పదార్థం ఉంటుంది. ఒకసారి పేలితే ఆ అంచు నలిగిపోతుంది, ఇంట్లో మళ్ళీ నింపడానికి పనికిరాదు. ఆ తూటా మూతిని ఫ్యాక్టరీలోనే గుండు చుట్టూ బిగించి పంపుతారు.

పట్టు ఎక్కడినుంచి వస్తుంది

క్రింపింగ్ అర్థం కావాలంటే, అది లేకుండా కూడా గుండు ఎలా నిలబడుతుందో ముందు తెలియాలి.

పాతకాలపు ఎడ్లబండి చక్రాన్ని గుర్తు చేసుకోండి. చెక్క చక్రం మీద ఇనుప పట్టాను మేకులతోనే నిలబెట్టరు. పట్టాను చక్రం కన్నా కొంచెం చిన్నదిగా చేస్తారు. కొలిమిలో కాల్చితే అది వ్యాకోచిస్తుంది. ఆ వేడి మీద చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. ఇనుము ముడుచుకుని చెక్కను కరిచి పట్టుకుంటుంది. ఆ పట్టు చుట్టుకొలత మొత్తం మీద సమంగా ఉంటుంది.

తూటా మెడలోనూ జరిగేది ఇదే, వేడి లేకుండా. మెడ లోపలి వ్యాసాన్ని గుండు వ్యాసం కన్నా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు చిన్నదిగా ఉంచుతారు. గుండు దిగుతున్నప్పుడు ఇత్తడి సాగుతుంది. సాగిన ఇత్తడి మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ ముడుచుకోవాలనే గుణమే గుండును పట్టుకుంటుంది. దీన్ని నెక్ టెన్షన్ (మెడ పట్టు) అంటారు.

గుండును నిలిపే ప్రధాన బలం ఈ మెడ పట్టే. క్రింప్ దానికి తోడు మాత్రమే. బండి పట్టా వదులుగా ఉంటే పైన ఎన్ని మేకులు కొట్టినా చక్రం నిలవదు. మెడ పట్టు సరిగ్గా లేని తూటాను క్రింప్ బాగుచేయలేదు. ఈ ఒక్క సూత్రం మనసులో ఉంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మూతి బిగించే మూడు తీరులు

మొదటిది రోల్ క్రింప్ (అంచు మడత). గొట్టం మూతి అంచును లోపలికి ఒంపి, గుండు చుట్టూ ఉన్న గాడిలోకి దింపుతారు. గుండు మీద చుట్టూరా సన్నని గీతల పట్టీలాంటి గాడి కనిపిస్తే అది ఇందుకే. ఈ గాడిని కానెల్యూర్ అంటారు. గాడి లేని గుండుకు రోల్ క్రింప్ పెట్టకూడదు. అంచుకు వెళ్ళే చోటు ఉండదు, అది గుండు పై తొడుగును కోసి నొక్కుతుంది.

రెండోది టేపర్ క్రింప్ (వాలు బిగింపు). ఇందులో మడత ఉండదు. మూతి దగ్గర కొద్ది మేర ఇత్తడిని నున్నగా, వాలుగా దగ్గరికి నొక్కుతారు. స్వయంచాలక తుపాకుల తూటాలకు దీన్ని ఎక్కువగా వాడతారు.

మూడోది చీలికల డైతో చేసే బిగింపు. కాలెట్ అనే ఉక్కు ముక్కకు నిలువునా చీలికలుంటాయి. ప్రెస్సు పిడిని దించినప్పుడు ఆ చీలికలు దగ్గరికి వచ్చి మూతిని నాలుగు పక్కల నుంచీ పట్టి నొక్కుతాయి. మొదటి రెండింటిలో బలం పైనుంచి కిందికి పడుతుంది. ఇందులో పక్కల నుంచి లోపలికి పడుతుంది. అందువల్ల గొట్టం భుజం మీద భారం తక్కువ. గొట్టాల పొడవులో చిన్న తేడాలున్నా ఇది కొంతవరకు సర్దుకుంటుంది.

చెర్రాల తూటాలకు వేరే పద్ధతి ఉంది. హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ హాంగ్‌ఝౌలో ట్రాప్ పోటీలో కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో వాడే 12 బోరు తూటాలో ఒక్క గుండు ఉండదు, 24 గ్రాములకు మించకుండా సీసపు చెర్రాలు ఉంటాయి. ప్లాస్టిక్ గొట్టం కొసను ఆరు లేదా ఎనిమిది మడతలుగా నక్షత్రంలా మూసేస్తారు. అక్కడ బిగింపు పని మూతపెట్టడం. రైఫిల్ తూటాలో దాని పని పట్టుకోవడం.

ఎప్పుడు కావాలి, ఎప్పుడు వద్దు

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే ఇప్పటికీ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తూర్పు తీరం వెంట విమానాలు దిగే చోట్లు అవసరమైన కాలం అది. ఆనాటి బ్రిటిష్ యుద్ధ విమానం హరికేన్ తొలి రకాల్లో ఎనిమిది బ్రౌనింగ్ మెషిన్‌గన్లు ఉండేవి. అవి వాడింది .303 రైఫిల్ తూటాలే. ఒక్కో గన్ నిమిషానికి సుమారు 1,150 తూటాలు పేల్చేది. అంటే సెకనుకు పందొమ్మిది.

ఆ వేగంలో తూటా పడే పాట్లు ఊహించండి. బెల్టులోంచి దాన్ని లాగేస్తారు. ముందుకు విసురుతారు. చాంబర్లో దబ్బున ఆపుతారు. గొట్టం ఆగినా గుండు ముందుకు పోవాలని చూస్తుంది. బస్సుకు సడెన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు ముందుకు తూలినట్టే. గుండు కాస్త జరిగినా గన్ ఆగిపోవచ్చు. అందుకే సైన్యం వాడే తూటాలకు ఫ్యాక్టరీలోనే మూతి బిగిస్తారు. తేమ లోపలికి పోకుండా సందుల్లో పూత కూడా పూస్తారు.

ఇంట్లో నింపేవాళ్ళు కూడా ఇదే తర్కంతో ఆలోచించాలి. తూటా తుపాకిలో ఎలాంటి దెబ్బలు తింటుందన్నదే అసలు ప్రశ్న.

ఒకటి, గొట్టపు మేగజీన్ (తూటాలు నిలవ ఉండే అర) ఉన్న తుపాకులు. విన్‌చెస్టర్ 1894 మోడల్ రైఫిల్, దానికి 1895లో వచ్చిన .30-30 తూటా ఇందుకు ఉదాహరణ. ఇందులో తూటాలు ఒకదాని వెనక ఒకటిగా వరసలో ఉంటాయి. వెనక తూటా గుండు ముందు తూటా అడుగుకు ఆనుకుని ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ వచ్చే వెనక్కి తన్నుకు గుండ్లు గొట్టాల్లోకి దిగబడాలని చూస్తాయి. ఇక్కడ రోల్ క్రింప్ తప్పనిసరి.

రెండు, స్వయంచాలక రైఫిళ్ళు. బోల్టు (చాంబర్‌ను వెనక నుంచి మూసే లోహపు కడ్డీ) తూటాను మేగజీన్ నుంచి లాగి, గుండు కొనను లోహపు వాలుకు తాకిస్తూ చాంబర్లోకి నెడుతుంది. ఇక్కడ చాలామంది తేలికపాటి క్రింప్ పెడతారు.

మూడు, ఏనుగులాంటి పెద్ద జంతువుల వేటకోసం పుట్టిన భారీ రైఫిళ్ళు. వాటి తన్ను తీవ్రంగా ఉంటుంది. ఒక తూటా పేలినప్పుడు మేగజీన్‌లో మిగిలినవి కుదుపు తింటాయి. అక్కడా క్రింప్ కావాలి.

ఇక నాలుగోది, ఒక్కొక్క తూటాను చేత్తో పెట్టి, గురి చూసి, నిదానంగా కాల్చే బోల్ట్ రైఫిల్. ఇక్కడ తూటాకు దెబ్బలేమీ తగలవు. మెడ పట్టు ఒక్కటే చాలు. పోటీల్లో కచ్చితత్వం కోరేవాళ్ళు ఎక్కువగా క్రింప్ జోలికి పోరు. వాళ్ళు వాడే గుండ్లకు గాడి కూడా ఉండదు.

తక్కువైతే, ఎక్కువైతే

పట్టు తక్కువైన తూటాలో గుండు లోపలికి దిగబడవచ్చు. చూడటానికి ఒక మిల్లీమీటరే. కానీ లోపల ఖాళీ తగ్గుతుంది. అదే మందు తక్కువ చోటులో కాలితే ఒత్తిడి పెరుగుతుంది. మందు ముందే గరిష్ఠ పరిమితి దగ్గర ఉంటే ఈ పెరుగుదల తుపాకికీ, మనిషికీ ప్రమాదం.

ఎక్కువ బిగిస్తే వచ్చే నష్టాలు మూడు. మొదటిది, డై పైనుంచి మరీ నొక్కితే మెడ కిందికి దిగి భుజం ఉబ్బుతుంది. కంటికి కనిపించనంత ఉబ్బైనా సరే, ఆ తూటా చాంబర్లో పూర్తిగా కూర్చోదు. బలవంతంగా బోల్టు మూస్తే ఇరుక్కుంటుంది. రెండోది, గుండు ఆకారం చెడుతుంది. నలిగిన గుండు తిన్నగా పోదు.

మూడోది ఆలోచించదగ్గది. గుండు లోపల సీసం, పైన పల్చని రాగి తొడుగు. సీసానికి స్ప్రింగు గుణం లేదు. నొక్కితే నొక్కినట్టే ఉండిపోతుంది. ఇత్తడికి ఆ గుణం ఉంది. నొక్కి వదిలితే కొంత వెనక్కి వస్తుంది. కాబట్టి మితిమీరి నొక్కినప్పుడు గుండు సన్నబడి అలాగే ఉండిపోతుంది, ఇత్తడి మాత్రం కొంచెం వెనక్కి వస్తుంది. రెండింటి మధ్యా సందు ఏర్పడుతుంది. అంటే ఎక్కువ బిగించినందువల్లే పట్టు తగ్గింది. నొక్కేవాడు గట్టిగా చేశాననుకుంటాడు, గుండు మెడలో వదులుగా ఉంటుంది.

గొట్టాల పొడవు విషయం కూడా ఇక్కడే వస్తుంది. డైని ఒకసారి బిగించి పెడితే అది ఒకే ఎత్తులో పనిచేస్తుంది. పొడుగు గొట్టం దాంట్లోకి ఎక్కువ పోయి ఎక్కువ నలుగుతుంది. పొట్టి గొట్టానికి బిగింపు అందదు. ఒకే పెట్టెలో ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా ఉంటాయి. అందుకే రోల్ క్రింప్ పెట్టేవాళ్ళు గొట్టాలన్నిటినీ ముందు ఒకే పొడవుకు కత్తిరిస్తారు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒక తూటా మొత్తం పొడవును వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి గుర్తు పెట్టుకోవాలి. దాన్ని మేగజీన్‌లో అట్టడుగున ఉంచి, పైవాటిని రేంజిలో పేల్చాలి. తర్వాత దాన్ని బయటికి తీసి మళ్ళీ కొలవాలి. పొడవు మారకపోతే పట్టు చాలు. మారితే ముందు మెడ పట్టు చూసుకోవాలి, ఆ తర్వాతే క్రింప్ సంగతి.

ఇత్తడి మరిచిపోదు

ఇంతవరకు చెప్పినవి తూటా పేలే క్షణానికి సంబంధించినవి. నెలల తరబడి నిలవ ఉన్న తూటాల్లో మరో నష్టం బయటపడింది. అది బయటపడింది మన దేశంలోనే.

బ్రిటిష్ సైన్యం ఇక్కడ ఉన్న రోజుల్లో వానాకాలంలో సైనిక కార్యకలాపాలు తగ్గేవి. తూటాలను గుర్రపు శాలల్లో దాచేవారు. వానలు తగ్గాక తీసి చూస్తే ఎన్నో ఇత్తడి గొట్టాలు పగిలి కనిపించేవి. ఎవరూ వాటిని ముట్టుకోలేదు, దెబ్బా తగల్లేదు. పగుళ్ళు ముఖ్యంగా గుండు చుట్టూ బిగించిన చోటే ఉండేవి. ఒక ఋతువు దాటితే వచ్చే పగులు గనక దానికి సీజన్ క్రాకింగ్ (ఋతు పగులు) అని పేరు వచ్చింది.

కారణం 1921లో తేలింది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు దాన్ని వివరించారు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా వెలువడుతుంది. అది తేమతో కలిసి ఇత్తడిని తాకుతుంది. అయితే అమ్మోనియా ఒక్కటే చాలదు. లోహంలో అప్పటికే దాగి ఉన్న ఒత్తిడి కూడా కావాలి. ఇత్తడిని చల్లగా ఉండగానే సాగదీసి, నొక్కి, ఒంచి తయారుచేస్తారు. ఆ బలమంతా లోపల నిలిచి ఉంటుంది. బిగింపు ఎక్కువైన చోట ఒత్తిడి ఎక్కువ. అమ్మోనియా వచ్చి అక్కడే చీలుస్తుంది.

మన ప్రాంతంలో ఈ మాట అర్థం కాని వాళ్ళు తక్కువ. చెరువులో అమ్మోనియా పెరిగిందంటే రొయ్యల రైతుకు నిద్ర పట్టదు. ఐస్ ఫ్యాక్టరీల్లో చల్లదనం తెచ్చేది అమ్మోనియాయే. ఆ లైనులో ఇత్తడి వాల్వు పెట్టరు, ఇనుము, ఉక్కే వాడతారు. తూటా గొట్టం ఇత్తడిలో డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు జింకు. ఐస్ ఫ్యాక్టరీ వాల్వుకు ఏ నియమమో దీనికీ అదే నియమం.

దీని నుంచి ఇంట్లో తూటాలు నింపేవాళ్ళు నేర్చుకోవలసినవి రెండు. అమ్మోనియా కలిసిన పాలిష్‌తో గొట్టాలను తోమకూడదు. పదేపదే వాడిన గొట్టాల మెడను అనీలింగ్ (కాల్చి మెత్తబరచడం) చేయాలి. తీగను అటూ ఇటూ వంచితే గట్టిబడి పుటుక్కున తెగుతుంది కదా. మెడ కూడా ప్రతి పేలుడుకూ ఉబ్బి, ప్రతి డైలోనూ ముడుచుకుని అలాగే గట్టిబడుతుంది. కంచరి పనివాళ్ళు పాత్ర కొడుతూ మధ్యమధ్య కొలిమిలో పెట్టి తీసేది ఇందుకే. తూటా విషయంలో ఒక జాగ్రత్త ఉంది. మెడను మాత్రమే వేడి చేయాలి. అడుగు మెత్తబడితే ఆ గొట్టం 62,000 పౌండ్లను ఆపలేదు. దాన్ని పారేయాల్సిందే.

బిగింపు అంటే లోహంలో బలాన్ని దాచిపెట్టడం. అవసరమైనంత దాస్తే అది గుండును పట్టుకుంటుంది. అంతకు మించి దాస్తే ఆ మిగులు ఎప్పుడో ఒకప్పుడు ఉబ్బుగానో, వదులుగానో, పగులుగానో బయటికొస్తుంది.

చట్టం ఏమంటుంది

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. అమ్మాలంటే మాత్రం కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. కానీ మన పిల్లల విషయంలో ఇంతకన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. విద్యార్థి వీసా, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా నింపి ఇంటికి తెచ్చుకున్న పెట్టె తూటాలు ఒక యువకుడి వీసాను, చదువును, భవిష్యత్తును చిక్కుల్లో పెట్టగలవు.

మన దేశంలో మాత్రం సందేహానికి చోటు లేదు. 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లో తూటాలు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలం. తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేయడాన్ని ఐదో సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళ జైలు, గరిష్ఠం యావజ్జీవం. తుపాకి ఉంచుకునే లైసెన్సు తూటాలు తయారుచేసే లైసెన్సు కాదు. అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఒక డైనో, జ్ఞాపకంగా ఒక గొట్టాన్నో పెట్టెలో వేసుకుని రావడం కూడా మంచిది కాదు.

ఇక వేట సంగతి. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ వేటను నిషేధించింది. ఆటపాక దగ్గర గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకునేది ఆ రక్షణలోనే. అది అలాగే ఉండాలి.

అడగవలసిన ప్రశ్నలు

అక్కడ స్థిరపడి, చట్టం ఒప్పుకున్న మీదట ఈ పని చేస్తున్న కొడుకునో, కూతురినో చూసి భయపడిపోనక్కరలేదు. తెలిసి అడిగితే చాలు. తయారీదారు ప్రచురించిన పట్టిక చూసే మందు తూస్తున్నావా? బల్ల మీద ఒక సమయంలో ఒకే రకం మందు ఉంచుతున్నావా? సీసం ముట్టుకున్నాక చేతులు కడిగే పిల్లల్ని ఎత్తుకుంటున్నావా? గొట్టాల పొడవు కొలిచావా? మెడ పట్టు సరిచూశావా?

చివరిగా, ఈ తూటాకు మూతి ఎందుకు బిగిస్తున్నావని అడగండి. “మా రైఫిల్‌కు గొట్టపు మేగజీన్, గుండు దిగబడకుండా” అంటే ఆ పిల్లవాడికి పని తెలుసు. “నేను వాడేది బోల్ట్ రైఫిల్, అందుకే బిగించడం లేదు” అన్నా తెలుసు. “గట్టిగా ఉంటుందని” అంటే మాత్రం ప్రెస్సు ఆపి, కాలిపర్ తీసి, మొదటి నుంచి నేర్చుకోమని చెప్పండి.